విద్యార్థుల రోబోటిక్స్ పోటీల్లో డిజైన్ పంచుకోవాలా, దాచుకోవాలా? తరచుగా అడిగే ప్రశ్నలు

ప్రతి సీజన్‌లోనూ కొత్తగా చేరిన విద్యార్థులు, వారి తల్లిదండ్రులు, మెంటార్లు ఇంచుమించు ఇవే సందేహాలతో వస్తున్నారు కనుక జవాబులన్నీ ఒకచోట చేర్చాము. ప్రశ్నలను అవి తలెత్తే దశను బట్టి విభజించాము. ఏ జవాబుకు ఆ జవాబు పూర్తిగా ఉంటుంది కనుక మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లవచ్చు. నియమాలు పోటీకీ పోటీకీ, ఏడాదికీ ఏడాదికీ మారుతుంటాయి కాబట్టి ఇక్కడ చెప్పిన ఏ నియమాన్నైనా మీ పోటీవారు ఆ ఏడు విడుదల చేసిన గేమ్ మాన్యువల్‌తో, అంటే నియమాల పుస్తకంతో, ఒకసారి సరిచూసుకోండి.

## సీజన్ మొదలుకాక ముందు

పోటీ అన్నాక రహస్యం ఉండాలి కదా, అసలు పంచుకోవడం ఎందుకు?

ఈ పోటీలను పెట్టినవారి ఉద్దేశం మంచి రోబోను ఎంపిక చేయడం కాదు, ఇంజనీరింగ్ తెలిసిన విద్యార్థులను తయారుచేయడం. డీన్ కామెన్ 1989లో స్థాపించిన ఫస్ట్ సంస్థ 1992లో 28 టీములతో తొలి పోటీ జరిపింది. ఎంఐటీ ఆచార్యుడు వుడీ ఫ్లవర్స్ ఆ పోటీలకు ‘గ్రేషస్ ప్రొఫెషనలిజం’ అనే మాటను అందించారు. గట్టిగా పోటీపడుతూనే ఎదుటివారిని గౌరవించాలి, అవసరమైతే వారికి సాయపడాలి అన్నది దాని సారాంశం. ఇది ఉపన్యాసాలకే పరిమితమైన మాట కాదు. 2012 నాటి ఫస్ట్ రోబోటిక్స్ కాంపిటీషన్ ఆటలో మైదానం మధ్యనున్న వంతెన మీద ప్రత్యర్థి పక్షాల రోబోలు రెండూ కలిసి నిలబడగలిగితే ఇరుపక్షాలకూ ర్యాంకింగ్ పాయింట్లు వచ్చేవి. అంటే ఎదుటివారితో కలిసి పనిచేయలేని టీమ్ పట్టికలో వెనకబడేలా నియమాన్నే అల్లారు.

1997లో జపాన్‌లోని నగోయాలో మొదలైన రోబోకప్ దారి వేరు. 2050 నాటికి మనుషుల ప్రపంచ ఛాంపియన్ జట్టును రోబోల జట్టు ఫుట్‌బాల్‌లో ఓడించాలన్నది దాని లక్ష్యం. ఏటా ప్రతి టీమూ మొదటి నుంచి మొదలుపెడితే అంత దూరం ఎన్నటికీ చేరలేరు కాబట్టి అక్కడ పంచుకోవడం పరిశోధనలో భాగమైపోయింది.

మా పోటీలో పంచుకోవడం తప్పనిసరా, మా ఇష్టమా?

పోటీని బట్టి ఉంటుంది. వరల్డ్ రోబోట్ ఒలింపియాడ్‌లోని ఫ్యూచర్ ఇంజనీర్స్ విభాగంలో కోడ్, వైరింగ్ చిత్రాలు, వాహనం ఫొటోలు, వివరణ ఉన్న గిట్‌హబ్ రిపాజిటరీని (ఆన్‌లైన్‌లో కోడ్, ఫైళ్లు ఉంచే చోటును) అందరికీ కనిపించేలా పెట్టడం పోటీలో భాగమే, దానికి మార్కులు కూడా ఉంటాయి. రోబోకప్ ప్రధాన లీగుల్లో పాల్గొనాలంటే టీమ్ తన పద్ధతులను వివరిస్తూ ఒక పత్రం సమర్పించాలి. వెక్స్ పోటీల్లో, ఫస్ట్ టెక్ చాలెంజ్‌లో రోబో తయారీ క్రమాన్ని రాసుకున్న మీ నోట్‌బుక్‌నో పోర్ట్‌ఫోలియోనో జడ్జీలు చూస్తారు తప్ప దాన్ని లోకానికి చూపించాలన్న నిర్బంధం లేదు.

వేసవిలో రాసుకున్న కోడ్‌ను సీజన్‌లో వాడాలంటే ముందే బయటపెట్టాలంటున్నారు, నిజమేనా?

ఫస్ట్ రోబోటిక్స్ కాంపిటీషన్ విషయంలో నిజమే. ఆట వివరాలు ప్రకటించే కిక్‌ఆఫ్ రోజుకు ముందు తయారుచేసిన డిజైన్‌ను గానీ కోడ్‌ను గానీ ఆ ఏటి రోబోలో వాడుకోవాలంటే, దాన్ని మరొకరు తిరిగి తయారుచేసుకోవడానికి సరిపడా వివరాలతో కిక్‌ఆఫ్‌కు ముందే బహిరంగంగా ఉంచి ఉండాలి. ఏడాది పొడవునా పనిచేయగల పెద్ద టీములు ఆ పనిని గుట్టుగా దాచుకుని ముందంజ వేయకుండా ఈ నియమం అడ్డుపడుతుంది. కిక్‌ఆఫ్ ముందు రాత్రి హడావిడిగా అప్‌లోడ్ చేసే బదులు, వేసవిలో మొదలుపెట్టిన రోజే రిపాజిటరీని పబ్లిక్‌గా ఉంచడం మేలు. అప్పుడు తేదీల గురించి ఎవరికీ సంజాయిషీ చెప్పుకోవలసిన పని ఉండదు.

ఏది పంచాలో, ఏది దాచాలో టీమ్‌లో ఎవరు తేల్చాలి?

విద్యార్థులే తేల్చాలి, అదీ సీజన్ మొదలుకాక ముందే. రోబో సగం తయారై అందరూ ఒత్తిడిలో ఉన్నప్పుడు ఈ చర్చ మొదలైతే అది డిజైన్ గురించి కాకుండా మనుషుల మధ్య నమ్మకం గురించిన గొడవగా మారుతుంది. ఒక్క పేజీలో రాసుకున్నా చాలు: ఏవి వెంటనే చెప్పవచ్చు, ఏవి మొదటి పోటీ తర్వాత చెబుతాము, ఏవి ఎప్పటికీ బయటికి వెళ్లకూడదు. ఈ చివరి వర్గంలో విద్యార్థుల ఫోన్ నంబర్లు, చిరునామాలు, ఇతర టీములు నమ్మి చెప్పిన విషయాలు, గోప్యత షరతు మీద స్పాన్సర్ ఇచ్చిన వివరాలు తప్పక ఉండాలి.

## తయారీ రోజుల్లో

మా డిజైన్ ఫొటో పెడితే వేరే టీమ్ కాపీ కొట్టి మమ్మల్నే ఓడించదా?

అందరికంటే ఎక్కువగా వినిపించే భయం ఇదే. దీనికి సూటిగా జవాబు చెప్పాలంటే, ఫొటోలో ఏముంటుందో, ఏముండదో చూడాలి.

నేల మీది బంతిని లోపలికి లాక్కునే ఇన్‌టేక్‌నే తీసుకుందాం. ఫొటోలో రోలర్లు ఎన్ని ఉన్నాయో, అవి ఎక్కడున్నాయో, చేయి ఎటు మడుస్తుందో కనిపిస్తుంది. రోలర్‌కూ నేలకూ మధ్య ఖాళీ బంతి వ్యాసం కంటే ఎంత తక్కువ ఉందో, అంటే బంతిని ఎంత నొక్కుతున్నదో కనిపించదు. ఆ నొక్కుడు కొంచెం తగ్గితే బంతి జారిపోతుంది, కొంచెం పెరిగితే మోటారు ఆగిపోతుంది. రబ్బరు ఎంత మెత్తనిదో కనిపించదు. రోలర్ అంచు వేగం రోబో గరిష్ఠ వేగానికి దాదాపు రెట్టింపు ఉండేలా చూసుకోవడం చాలా టీములు పాటించే లెక్క. రోబో సెకనుకు 4 మీటర్లు పరుగెత్తితే రోలర్ అంచు సెకనుకు 8 మీటర్లు కదలాలి, 50 మిల్లీమీటర్ల వ్యాసమున్న రోలర్‌కైతే అది నిమిషానికి సుమారు 3,050 చుట్లు. ఆ లెక్క నుంచి వచ్చిన గేర్ నిష్పత్తి కూడా ఫొటోలో ఉండదు. మోటారుకు పెట్టిన కరెంట్ పరిమితి, బంతి లోపలికి చేరిందని గుర్తించే సెన్సర్ చోటు, డ్రైవర్ చేసిన సాధన, ఇవేవీ ఫొటోకు ఎక్కవు. మీ రోబోను నడిపించేది ఈ కనిపించని భాగమే.

ఫొటోతో ఆగకుండా ఆ కనిపించని భాగాన్ని కూడా బయటపెట్టి నెగ్గినవాళ్లు ఉన్నారు. జర్మనీలోని బ్రెమెన్ నగరానికి చెందిన బి-హ్యూమన్ టీమ్ ఆడిన రోబోకప్ స్టాండర్డ్ ప్లాట్‌ఫామ్ లీగ్‌లో అందరూ ఒకే రకం రోబోలతో ఆడేవారు, అంటే టీముల మధ్య తేడా అంతా కోడ్‌లోనే ఉండేది. ఆ కోడ్‌ను, దాని వివరణ నివేదికతో సహా, వాళ్లు ఏళ్ల తరబడి ప్రచురిస్తూ వచ్చారు. అయినా 2009, 2010, 2011లో వరుసగా మూడుసార్లు ఛాంపియన్లుగా నిలిచారు. ప్రచురించిన కోడ్ నిన్నటిది, దాన్ని రాసిన మనుషుల అవగాహన నేటిది. కాపీ చేసినవాళ్ల చేతికి మొదటిది మాత్రమే అందుతుంది.

భయం పూర్తిగా నిరాధారమని మాత్రం అనలేము. ఒక సరళమైన ఉపాయం, ఉదాహరణకు ఆట నియమాల్లో ఎవరూ గమనించని ఒక అవకాశం, చూడగానే అర్థమైపోయి రెండు రోజుల్లో ఎవరైనా చేసుకోగలిగినదైతే, దాన్ని మొదటి పోటీ దాకా మీ దగ్గరే ఉంచుకోవడంలో తప్పు లేదు.

వేరే టీమ్ డిజైన్ చూసి మేం చేసుకుంటే అది మోసమవుతుందా?

చూసి నేర్చుకోవడం మోసం కాదు. ఇంజనీరింగ్ అంతా అలాగే సాగుతుంది. అయితే వెక్స్ పోటీల్లో ఒక పద్ధతి మీద తీవ్రమైన అభ్యంతరం ఉంది. ఆన్‌లైన్ వీడియోను ఆపి ఆపి చూస్తూ, లోహపు ముక్కల మీది రంధ్రాలు లెక్కపెట్టి, మరో టీమ్ రోబోను యథాతథంగా కట్టడాన్ని అక్కడ ‘హోల్ కౌంటింగ్’ అంటారు. రోబో విద్యార్థుల సొంత ఆలోచనకూ నైపుణ్యానికీ అద్దం పట్టాలన్న నియమ స్ఫూర్తికి అది విరుద్ధం.

గీత ఎక్కడుందో తెలుసుకోవడానికి మేము వాడే పరీక్ష ఒకటుంది. ఆ భాగాన్ని కట్టిన విద్యార్థిని పక్కకు పిలిచి ‘ఈ చేయి ఇంతకంటే పొడుగుంటే ఏమవుతుంది?’ అని అడగండి. జవాబు చెప్పగలిగితే ఆ డిజైన్ ఇప్పుడు ఆ విద్యార్థిది కూడా. ‘వాళ్లు అలా పెట్టారు’ అన్నదే జవాబైతే పని ఇంకా మొదలుకాలేదన్నమాట. ఎక్కడి నుంచి తీసుకున్నారో, ఏం మార్చారో, ఎందుకు మార్చారో ఇంజనీరింగ్ నోట్‌బుక్‌లో ఆ రోజే రాసిపెట్టండి.

పెద్ద టీములకు పంచుకోవడం తేలికే. మాకున్న ఒక్క ఐడియా కూడా ఇచ్చేస్తే ఇంకేం మిగులుతుంది?

ఈ ప్రశ్నను తేలిగ్గా తీసిపారేసేవాళ్లతో మేము ఏకీభవించము. కంప్యూటర్ నియంత్రణలో భాగాలను కోసే సొంత సీఎన్‌సీ యంత్రమూ, పదిమంది మెంటార్లూ ఉన్న టీమ్ ఒక ఆలోచనను చూసి వారాంతంలో తయారుచేసుకోగలదు, అదే ఆలోచన పుట్టిన చిన్న టీమ్‌కు నెల పట్టవచ్చు. 2019 వరకు ఫస్ట్ రోబోటిక్స్ కాంపిటీషన్‌లో కిక్‌ఆఫ్ అయిన ఆరు వారాల తర్వాత రోబోను సంచిలో పెట్టి సీలు వేయాల్సి వచ్చేది. 2020 నుంచి ఆ నియమం తీసేశారు కనుక, వేరేవాళ్ల వీడియో చూసి తమ పోటీ నాటికి మార్పులు చేసుకోవడం వనరులున్నవారికి మునుపటికంటే సులువైంది. అందుకే చిన్న టీమ్ తన ముఖ్యమైన భాగాన్ని మొదటి పోటీ వరకు చూపకపోవడం స్వార్థమని ఎవరైనా అంటే ఆ మాట న్యాయం కాదు.

కానీ లెక్కలో రెండోవైపు కూడా చూడండి. పంచుకునే సంస్కృతి వల్ల ఎక్కువ లాభపడేది చిన్న టీములే. 2013లో మొదలైన ‘మూడు రోజుల్లో రోబో’ ప్రయత్నాల్లో అనుభవజ్ఞులు కిక్‌ఆఫ్ తర్వాత మూడు రోజుల్లో ఒక రోబో కట్టి, ఏది పనిచేసిందో, ఏది విఫలమైందో అందరికీ చూపిస్తారు. 118వ నంబరు టీమ్ రోబోనాట్స్ ‘ఎవ్రీబాట్’ పేరుతో సామాన్యమైన పనిముట్లతో, తక్కువ ఖర్చుతో కట్టగలిగిన రోబో డిజైన్‌ను పూర్తి సూచనలతో విడుదల చేస్తుంది. ఓపెన్ అలయన్స్‌లో చేరిన టీములు తమ పనిని సీజన్ జరుగుతుండగానే బయటపెడతాయి. ఇన్ని తీసుకుంటున్న టీమ్ సీజన్ చివరికైనా ఏదో ఒకటి తిరిగి ఇవ్వాలని కోరడం అన్యాయం కాదు.

ఆన్‌లైన్ క్యాడ్ (కంప్యూటర్‌లో డిజైన్ గీసే సాఫ్ట్‌వేర్) వాడుతున్నాం. మాకు తెలియకుండానే డిజైన్ బయటికి పోతోందా?

పోతూ ఉండవచ్చు. ఉదాహరణకు, ఆన్‌షేప్ ఉచిత ఖాతాలో తయారుచేసే డాక్యుమెంట్లన్నీ పబ్లిక్‌గానే ఉంటాయి, ఎవరైనా వెతికి చూడవచ్చు. విద్యాసంస్థల కోసం ఇచ్చే ఖాతాలో ప్రైవేటుగా పెట్టుకునే వీలుంది. కోడ్ విషయంలో మరో ప్రమాదం ఉంది. పాస్‌వర్డ్‌నో, ఏదైనా సేవకు సంబంధించిన రహస్య కీనో కోడ్ మార్పులన్నిటినీ భద్రపరిచే గిట్‌లో ఒకసారి కమిట్ (నమోదు) చేశాక, తర్వాతి కమిట్‌లో తొలగించినా పాత చరిత్రలో అది అలాగే ఉంటుంది. రిపాజిటరీని పబ్లిక్ చేసే ముందు ఆ కీని రద్దుచేసి కొత్తది తీసుకోవడమే సరైన పద్ధతి.

మా మెంటార్ మరో టీమ్‌కు కూడా సాయం చేస్తున్నారు. మా విషయాలు అక్కడ చెబుతారేమో?

నేరుగా అడగండి. అడగడం అవమానించడం కాదు. రెండు టీముల విద్యార్థులకూ ఒకే మాట ముందే చెప్పి ఉంచడం మెంటార్ బాధ్యత: సాధారణ జ్ఞానం ఇద్దరికీ ఇస్తాను, ఒకరి నిర్దిష్ట డిజైన్‌ను వారి అనుమతి లేకుండా మరొకరికి చెప్పను.

## పోటీ స్థలంలో

పిట్‌లోకి (పోటీ స్థలంలో మా రోబోను సరిచేసుకునే చోటికి) వచ్చి ప్రశ్నలడిగే స్కౌటింగ్ టీములకు, అంటే ఇతర రోబోల వివరాలు సేకరించేవాళ్లకు, ఎంతవరకు చెప్పాలి?

మీ రోబో ఏం చేయగలదో, ఏం చేయలేదో నిజం చెప్పండి. ఫస్ట్ రోబోటిక్స్ కాంపిటీషన్‌లో మూడేసి రోబోలు ఒక అలయన్స్‌గా ఆడతాయి. అర్హత మ్యాచ్‌ల తర్వాత పైస్థానాల్లో ఉన్న టీములు తమ భాగస్వాములను ఎంచుకుంటాయి. ఉదయం మీకు ఎదురునిలిచిన టీమ్ మధ్యాహ్నం మిమ్మల్ని ఎంచుకునే స్థానంలో ఉండవచ్చు. వాళ్లు మీ గురించి రాసుకున్న కాగితంలో ఉన్నది మీరు చెప్పిన మాటే. గొప్పలు చెబితే మైదానంలో బయటపడుతుంది, మరీ గుట్టుగా ఉంటే మిమ్మల్ని ఎంచుకోవడానికి వాళ్లకు కారణమే కనిపించదు. ఏదైనా చెప్పదలచుకోకపోతే ‘అది ఇప్పుడు చెప్పలేము’ అనండి, అంతే తప్ప తప్పుడు సమాచారం ఇవ్వకండి.

మీరు ఎవరిని ఏ వరుసలో ఎంచుకోవాలనుకుంటున్నారో తెలిపే పిక్ లిస్ట్ మాత్రం రహస్యంగానే ఉండాలి. అది మీ వ్యూహం మాత్రమే కాదు, ఇతర టీముల బలహీనతల మీద మీ అభిప్రాయం కూడా. బల్ల మీద వదిలేస్తే నొచ్చుకునేవాళ్లు ఉంటారు.

మా రోబో ఫొటోలు తీస్తున్నవాళ్లను ఆపవచ్చా?

మర్యాదగా కోరవచ్చు, కానీ ఆశ పెట్టుకోకండి. మ్యాచ్‌లు బహిరంగంగా జరుగుతాయి, చాలావరకు వీడియోలో ప్రసారమవుతాయి. మైదానంలోకి దిగిన క్షణం నుంచి రోబో పైరూపం రహస్యం కాదు. విద్యార్థుల ముఖాలు ఫొటోలో పడకూడదని చెప్పే హక్కును మాత్రం గట్టిగా వాడుకోండి.

ప్రత్యర్థి టీమ్ రోబో చెడిపోయింది. మా స్పేర్ పార్టులు, కోడ్ ఇస్తే నియమోల్లంఘన అవుతుందా?

మోటారు, బ్యాటరీ, పనిముట్టు ఇచ్చి ఆదుకోవడం ఈ పోటీల్లో నిత్యం జరిగేదే, దాన్ని నిర్వాహకులు ప్రోత్సహిస్తారు. హద్దు ఎక్కడంటే, ఫస్ట్ రోబోటిక్స్ కాంపిటీషన్‌లో రోబోనూ దాని ప్రధాన యంత్రాంగాలనూ ఆ టీమే కట్టి ఉండాలి. మీరు పూర్తిగా తయారుచేసిన యంత్రాంగాన్ని వాళ్ల రోబోకు బిగించి పంపడం కుదరదు. మీకు అనుమానంగా ఉంటే రోబోలను తనిఖీ చేసే ఇన్‌స్పెక్టర్‌ను ముందే అడగండి. కోడ్ ఇచ్చేటప్పుడు వాళ్ల ప్రోగ్రామర్ పక్కన కూర్చుని, ఏ వరుస ఏం చేస్తుందో చెప్పి, టైపింగ్ ఆ విద్యార్థికే వదిలేయండి.

ఆలోచన వేరే టీమ్ దగ్గరినుంచి వచ్చిందని జడ్జీలకు చెబితే మార్కులు తగ్గుతాయా?

తగ్గవని మా నమ్మకం, పెరగవచ్చు కూడా. మూలం చెప్పి, దాన్ని ఏ కొలతలతో పరీక్షించారో, ఏది మార్చారో చూపించిన విద్యార్థికి డిజైన్ ప్రక్రియ తెలుసని జడ్జీలకు అర్థమవుతుంది. చెప్పకుండా దాచిన సంగతి ఆ మూల డిజైన్‌ను గుర్తుపట్టిన జడ్జి ముందు బయటపడితే, మీరు నిజంగా చేసిన పనిమీద కూడా అనుమానం వస్తుంది.

## పోటీ ముగిశాక

రోబో పని అయిపోయింది. ఇప్పుడు ఏం ప్రచురిస్తే ఇతరులకు నిజంగా పనికొస్తుంది?

మెరిసే ఫొటోలు, సంగీతం జోడించిన వీడియోల కంటే విఫలమైన నమూనాల వివరాలు ఎక్కువ పనికొస్తాయి. మూడో నమూనాలో రోలర్ ఎందుకు బంతిని వదిలేసిందో, నాలుగోదానిలో ఏ కొలత మార్చాక పట్టిందో రాసిన ఒక పేరా, పూర్తి రోబో క్యాడ్ ఫైల్ కంటే కొత్త టీమ్‌కు ఎక్కువ నేర్పుతుంది. క్యాడ్ ఫైల్ చివరి నిర్ణయాన్ని చూపిస్తుంది కానీ వదిలేసిన దారులను చూపించదు. గేర్ నిష్పత్తులు, బరువులు, కొన్న భాగాల పేర్లు, కోడ్‌ను కంప్యూటర్‌లో నడిపించడానికి కావలసిన మెట్లు కూడా చేర్చండి. అన్నీ సర్దాక పెడదాములే అనుకుంటే పరీక్షలొస్తాయి, సీనియర్లు చదువు ముగించుకుని వెళ్లిపోతారు, ఆ జ్ఞానం వాళ్లతోనే పోతుంది. అస్తవ్యస్తంగా ఉన్నా సీజన్ ముగిసిన నెలలోపే పెట్టేయండి.

ఏ లైసెన్స్ పెట్టాలి? అసలు పెట్టకపోతే ఏమవుతుంది?

లైసెన్స్ లేని కోడ్‌ను అందరూ చూడగలరు కానీ చట్టప్రకారం వాడుకునే అనుమతి ఎవరికీ ఉండదు, కనుక పంచుకున్న ఉద్దేశమే నెరవేరదు. ఎవరైనా వాడుకోవచ్చు, మా కాపీరైట్ ప్రకటనను ఉంచితే చాలు అనుకుంటే ఎంఐటీ లైసెన్స్ సరిపోతుంది. దాన్ని మార్చి పంపిణీ చేసేవాళ్లు తమ మార్పులను కూడా అదే షరతులతో ఇవ్వాలనుకుంటే జీపీఎల్ ఎంచుకోండి. యంత్రభాగాల డిజైన్లకు సెర్న్ ఓపెన్ హార్డ్‌వేర్ లైసెన్స్ ఉంది. 2020లో వచ్చిన దాని రెండో సంచికలో షరతుల తీవ్రతను బట్టి మూడు రకాలున్నాయి. మీ కోడ్‌లో ఇతరుల కోడ్ కలిసి ఉంటే ముందు వారి లైసెన్స్ ఏమి కోరుతుందో చదవండి.

మా యంత్రాంగానికి పేటెంట్ తీసుకోవాలనుకుంటున్నాం. పోటీలో చూపిస్తే అవకాశం పోతుందా?

చాలా దేశాల్లో పోయే ప్రమాదం ఉంది. పేటెంట్‌కు దరఖాస్తు చేసేనాటికి ఆవిష్కరణ కొత్తదై ఉండాలి, మీరే స్వయంగా బహిరంగంగా చూపినా ఆ కొత్తదనం పోవచ్చు. అమెరికాలో ఆవిష్కర్త తానే వెల్లడించిన తర్వాత దరఖాస్తుకు ఏడాది గడువుంటుంది. ఐరోపాలో అటువంటి సాధారణ గడువు లేదు, భారతదేశంలో మినహాయింపులు చాలా పరిమితం. కాబట్టి నిజంగా ఆ ఉద్దేశం ఉంటే పోటీకి ముందే పేటెంట్ నిపుణుడిని కలవండి. అయితే ఒక ఆట కోసం కట్టిన యంత్రాంగానికి ఆ ఆట బయట ఉపయోగం ఉండడం అరుదు. ఆ అరుదైన అవకాశం కోసం సీజన్ అంతా రోబో మీద గుడ్డ కప్పి ఉంచడం మంచి నిర్ణయం కాదని మా అభిప్రాయం.

మా డిజైన్ వాడుకుని మా పేరు ఎక్కడా చెప్పలేదు. ఏం చేయాలి?

ముందుగా, అది మీ డిజైనేనా అని చల్లగా పరిశీలించండి. ఒకే ఆటకు ఒకే నియమాలతో పనిచేసే వందలాది టీములకు ఒకే పరిష్కారం విడివిడిగా తట్టడం తరచూ జరుగుతుంది. నిజంగానే మీదని తేలితే, ఆ టీమ్ మెంటార్‌కూ విద్యార్థులకూ వ్యక్తిగతంగా రాయండి. మీరు ప్రచురించిన తేదీని, లింకును జతచేసి, మూలం ప్రస్తావించమని అడగండి. చాలాసార్లు అది మరచిపోవడమే తప్ప దురుద్దేశం కాదు, ఒక్క వరుస చేర్చడంతో సమస్య తీరిపోతుంది. నలుగురిలో నిందించడం మొదటి మెట్టు కాకూడదు, ఎందుకంటే అవతలివైపు ఉన్నది కూడా మీ వయసు విద్యార్థులే. వాళ్లు జవాబివ్వకపోతే, లేదా మీ నోట్‌బుక్ పేజీలనే తమవిగా జడ్జీలకు సమర్పించారని తెలిస్తే, ఆధారాలతో పోటీ నిర్వాహకులకు ఫిర్యాదు చేయండి. ఇకమీదట ప్రచురించే ప్రతి ఫైల్ మొదటి వరుసలో టీమ్ పేరు, సంవత్సరం, లైసెన్స్ రాసి ఉంచితే, వాడుకునేవాళ్లకు పేరు చెప్పడం కూడా సులువవుతుంది.